ఉత్తరం దిగే చోటు

శుక్రవారం వర్జ్యం పోయేదాకా మౌస్ ముట్టుకోవద్దని వనజాక్షి గట్టిగా చెప్పింది.

"మీరే అంటిరి కదా, పాత చోటు నుంచి కొత్త చోటికి మారుస్తాండామని! ఇల్లు మారేదానికి మంచి గడియ వద్దా?"

విష్ణువర్ధన్ నవ్వు ఆపుకోలేక, తీగలు సర్దుతున్నట్టు మానిటర్ వెనక్కి వంగాడు. ఆశ్రిత వంగలేదు. ఆమెకు ఇదంతా చాలా బాగుంది. పెళ్ళయి మూడు నెలలే అయింది. ముదిగుబ్బ మెయిన్ రోడ్డులో ఎరువుల అంగడి పక్క గదిలో ఉన్న ఈ ఇంటర్నెట్ సెంటరూ, నాలుగు కంప్యూటర్ల మధ్య కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని పాలగిన్నె మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్న అత్తా, కరెంటు పోతుందేమోనని గడియకోసారి ఫ్యాను వైపు చూసే మొగుడూ, అన్నీ తన కోసమే ఎవరో ఏరి పెట్టినట్టు అనిపిస్తున్నాయి.

మారేది కురుబ వీధి కంబళ్ళ సంఘం వెబ్‌సైటు. పోయినేడు విష్ణు సరదాపడి చేసి ఇచ్చాడు. అది ఉన్న హైదరాబాదు కంపెనీ కంప్యూటరు ఎంత నిదానమంటే, ఒక్కో కంబళి ఫోటో పైనుంచి కిందికి పరదా దించినట్టు దిగేది. సగం దిగేసరికి చూసేవాళ్ళకు ఓపిక అయిపోయేది. అందుకే కొత్త కంపెనీలో చోటు తీసుకున్నారు.

"ఇంగ కానీండి," అంది వనజాక్షి గోడ గడియారం చూసి.

ముందు పేరు నమోదైన చోటికి వెళ్ళి, ఈ పేరు గురించి ఎవరు అడిగినా ఇకమీద కొత్త కంపెనీ వాళ్ళను అడగమని మార్చారు. తర్వాత కొత్త కంపెనీ పేజీ తెరిచారు. విష్ణు వెనక నిలబడి అంకెలు చెప్తుంటే ఆశ్రిత టైపు చేసింది. నాలుగు అంకెల గుంపులు, మధ్యలో చుక్కలు. సైటు ఉండే యంత్రం అడ్రసు అది. కింద మూడు డబ్ల్యూలతో వచ్చే పేరు కూడా ఇదే పేరని ఇంకో వరుస రాసింది. అత్త పాల వైపు తిరిగినప్పుడు విష్ణు గడ్డం ఆమె భుజానికి ఆనింది. ఒక చుక్క రెండుసార్లు పడింది. దిద్దుకుంది.

పాలు పొంగాయి. ఆమె సేవ్ నొక్కింది. వనజాక్షి కంప్యూటరు పెట్టెకు కుంకుమ పెట్టి, "పాత ఇల్లు తాళం వేసినారా?" అని అడిగింది.

"అదేంటికమ్మా?"

"ఏంటికి ఏమిరా? కొత్త ఇంట్లో పాలు పొంగినాక పాత పొయ్యి ఆరిపోవాల. రెండిళ్ళలో రెండు పొయ్యిలు మండితే సంసారం రెండు దిక్కులకు పోతాది. తాళం వేసి ఎనక్కి తిరిగి చూడకుండా రావాల."

ఆశ్రిత కొద్దిగా తటపటాయించింది. డిగ్రీలో ఏదో చదివింది, పాతదాన్ని వెంటనే తీసేయకూడదని. ఎందుకో గుర్తు రాలేదు. "రెండు దినాలు ఉండనిద్దామా బావా?"

"అమ్మ చూస్తాండాది," అన్నాడు విష్ణు కళ్ళతో నవ్వుతూ. హైదరాబాదు ఖాతా తెరిచి రద్దు మీద నొక్కాడు. నిజంగానా అని అది అడిగితే నిజంగానే అని నొక్కాడు.

పాయసం తిన్నారు. కంబళ్ళ ఫోటోలు టపటపా దిగుతున్నాయి. నల్లవి, బూడిదరంగువి, గొర్రె ఒంటి మీద ఉన్నప్పటి తేనెరంగు పోనివి. ఆశ్రిత మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంది.

సోమవారం పొద్దున సెంటరు తెరవగానే హనుమక్క వచ్చింది. సంఘానికి పెద్ద ఆమె. కురుబ వీధి ఆడవాళ్ళు పదిమందీ ఆమె మాట మీద నిలబడతారు. ఎక్కడికి పోయినా చేతిలో కదురు ఉంటుంది. ఇప్పుడూ గడప మీద కూర్చుని, ఉన్ని చుట్ట చంకలో ఇరికించుకుని, తొడ మీద కదురు దొర్లించి వదిలింది. అది గిరగిరా తిరుగుతూ నేల వైపు దిగుతుంటే దారం సాగుతోంది. ఆమె వెనకే తిప్పేష్ వచ్చి ఎండలోనే నిలబడ్డాడు. పాతికేళ్ళవాడు. గుంత మగ్గం మీద కంబళి నేసేది అతనే, రోజూ ఈ సెంటరుకు వచ్చి సంఘం మెయిలు చూసేదీ అతనే.

"తెరువు, ఆ పెట్టె తెరిచి అమ్మణ్ణికి చూపీ," అంది హనుమక్క.

తిప్పేష్ వచ్చి మెయిలు తెరిచాడు. కొత్తవి ఏవీ లేవు. చివరిది గురువారం వచ్చిన ఏదో ప్రకటన.

"చూస్తివా అమ్మణ్ణీ? పూణేలో అంగడి పెట్టుకున్న ఆయమ్మ నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఎన్ని కంబళ్ళు, ఏ రంగు, ఏ కొలత, అంతా శుక్రవారమే రాసి పంపిస్తినంట. శనివారం ఇంకోతూరి పంపిస్తినంట. మంగళవారం సాయంత్రానికి ఒప్పుకున్నట్టు రాయకపోతే వేరే వాళ్ళకు ఇచ్చేస్తానంది. ఈడు చూస్తే రాలేదంటాడు."

"రాలేదత్తా. రాకపోతే యాడి నుంచి తేవాల?"

"పంపినానంటాది ఆయమ్మ. రాలేదంటావు నువ్వు. ఆయమ్మకేం పని అబద్ధం చెప్పేదానికి?"

"నాకేం పని?"

కదురు నేలకు తగిలింది. హనుమక్క దారాన్ని చుట్టుకుంటూ తలెత్తకుండానే అడిగింది. "బుధవారం కొండప్ప బండెక్కి ధర్మవరం పోయినావా లేదా?"

కొండప్ప ఉన్ని వ్యాపారి. కురుబ వీధి ఉన్ని ఏళ్ళ తరబడి అతను చెప్పిన రేటుకే పోయేది. ఈసారి ఆడవాళ్ళు పూణే ఆర్డరు వస్తుందని కత్తిరించిన ఉన్ని అంతా అమ్మకుండా ఇళ్ళలో మూటలు కట్టి పెట్టుకున్నారు. వానలు పడితే ఆ మూటలకు పురుగు పడుతుంది.

"అమ్మకు మందులు తేవాల, బస్సు దొరకలేదు, ఆయప్ప బండి కనపడితే ఎక్కినా. అంతే."

"అంతేనా? మరి పూణే ఆయమ్మకు నీ సొంత మెయిలు అడ్రసు ఏంటికి ఇచ్చినావురా?"

తిప్పేష్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "సంఘందానికి రాకపోతే నాదానికన్నా వస్తాదని."

"సంఘం ఆర్డరు నీ జేబులో దిగల్లా? నేనే ఆయమ్మకు చెప్పినా, వానిదానికి పంపొద్దు, వస్తే సంఘం పేరుకే రావాల అని." ఆమె ఆశ్రిత వైపు తిరిగింది. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఏమనుకోవద్దు అమ్మణ్ణీ, మీ అంగట్లో కొట్లాడుతాండాం. మీ మిషన్లల్లో ఏమన్నా తప్పు..." అని తనే చెయ్యి ఊపేసింది. "మీ దాంట్లో తప్పేముంటాది లే. పెద్దింటోళ్ళు, చదువుకున్నోళ్ళు. తప్పు చేసేదంతా మా వాళ్ళే."

ఆశ్రిత పక్క కంప్యూటర్లో సైటు తెరిచి చూసింది. సైటు బాగానే ఉంది. మెయిలు సైటుతో పాటు హైదరాబాదులో ఉండేది కాదు, మొదటి నుంచీ వేరే కంపెనీ దగ్గరే ఉంది. దాన్ని వాళ్ళు ముట్టుకోనే లేదు. "నేను చూస్తానక్కా," అని మాత్రం అంది.

"రేపు పొద్దున కొండప్ప టెంపో పంపిస్తాడు. ఉన్ని ఎత్తేస్తాం. ఇంగేం చేయాల?"

తిప్పేష్ కుర్చీలో నుంచి లేచాడు. "రేపటి నుంచి నేను రాను. మెయిలు ఎవరినన్నా చూసుకోమనండి." భుజం మీద తువ్వాలు తల మీదికి వేసుకోవడం కూడా మరిచి ఎండలో పడి పోయాడు. హనుమక్క అతను పోయిన వైపు చూడలేదు. కదురును మళ్ళీ తొడ మీద దొర్లించింది. దారం తెగింది. రెండు కొసలూ నోట తడిపి ముడేసుకుంటూ ఆమె కూడా లేచిపోయింది.

మధ్యాహ్నం దాకా ఆశ్రిత ఆ మెయిలు పెట్టె ముందే కూర్చుంది. తన సొంత అడ్రసు నుంచి సంఘానికి ఒక మెయిలు పంపింది. అది పోయినట్టే ఉంది, చేరలేదు. వెనక్కీ తిరిగి రాలేదు. 'పెద్దింటోళ్ళు' అన్న మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. తన వైపు ఒక్కసారైనా అనుమానంగా చూసి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు విడపనకల్లు నుంచి అమ్మ ఫోన్.

"నిప్పట్లు అందినాయా? బాగుండాయా? ఉప్పు ఎక్కువైందని మీ నాయన అంటాండాడు."

"ఏ నిప్పట్లు?"

"అయ్యో! శుక్రవారం మీ మామ అనంతపురంలో మీ ఊరి మీద పోయే కదిరి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చినాడు కదే. డబ్బా మీద నీ పేరు, ఇంటి నంబరు, వీధి అంతా రాయిస్తి."

నాలుగు దినాలు! ఆశ్రితకు నవ్వూ దిగులూ ఒకేసారి వచ్చాయి. పక్క అంగట్లో ఎరువుల మూటలు దించుతున్న మనిషిని అడిగితే, "బస్సు సామాను అయితే కుళ్ళాయప్ప దగ్గర చూడమ్మా," అన్నాడు.

బస్టాండు ఎదురుగా టీ అంగడి. కుళ్ళాయప్ప డికాక్షను గుడ్డ పిండుతూ ఆమెను చూడగానే బల్ల కింద నుంచి డబ్బా లాగి పెట్టాడు.

"నీదేనా తల్లీ ఇది? వనజమ్మ కోడలివి కదూ! డ్రైవరు వెంకటేశులు శుక్రవారం ఇంటి అడ్రసు చూసి మీ ఇంటికే తెచ్చినాడంట. తాళం ఏసిండాది."

ఆ రోజు అందరూ సెంటర్లో పాలు పొంగించుకుంటున్నారు.

"శనివారం నేనే మనిషిని పంపిస్తి. తట్టి తట్టి వచ్చినాడు."

శనివారం ధర్మవరంలో పెళ్ళికి పోయి ఆదివారం రాత్రికి గానీ రాలేదు.

"నిన్న కూడా పోయొచ్చినాడు. పారేస్తానా ఏమి, పేరు రాసుండాది కదా! ఇంగో దినం చూసి అనంతపురానికి తిరిగి పంపుదామనుకుంటి. అయినా మీ అమ్మకు ఎవరు చెప్పినారు, బస్సు సామానుకు ఇంటి అడ్రసు రాయమని? మీ ఇల్లు యాడుంటే నాకేమి! ముదిగుబ్బలో ఏ ఇంటి సామానైనా దిగేది ఈడనే. 'కుళ్ళాయప్ప అంగడి' అని రాస్తే చాలు. ఈ సంగతి మీ అత్త చెప్పలేదా?"

"లేదు," అంది ఆశ్రిత. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పి ఉండరు.

"టీ తాగు."

ఆమె గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ఇల్లు ఒకచోట. సామాను దిగేది ఇంకోచోట. పేరు ఒకటే. ఇల్లు ఎక్కడని అడిగితే ఒక జవాబు, సామాను ఎక్కడ దించాలని అడిగితే ఇంకో జవాబు. రెండోది ఎవరూ చెప్పకపోతే పాపం ఆ డ్రైవరు ఇంటికే పోయి తలుపు కొడతాడు. అక్కడ తీసుకునేవాళ్ళు ఉండరు.

డిగ్రీ రెండో ఏడు, అయిదు మార్కుల ప్రశ్న. ఏ పేరుకు ఏ చోటో చెప్పే డీఎన్ఎస్ రికార్డుల రకాలు. గీత కొట్టి పట్టిక వేసి, ఎ, సీనేమ్, ఎంఎక్స్, ఎన్ఎస్ అని ఒకదాని కింద ఒకటి రాసి నాలుగున్నర తెచ్చుకుంది. శుక్రవారం ఎంఎక్స్ వరుస రాయనేలేదు!

"తల్లీ, డబ్బా!" అని కుళ్ళాయప్ప వెనక నుంచి అరిచాడు. ఆమె వెనక్కి పరుగెత్తి డబ్బా తీసుకుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, మెయిన్ రోడ్డులో కోడళ్ళు పరుగెత్తరని తెలిసీ పరుగెత్తింది.

ఇంటికి పోయేసరికి విష్ణు అన్నానికి కూర్చున్నాడు. వనజాక్షి సంగటి ముద్ద పళ్ళెంలో పెడుతోంది. ఆశ్రిత డబ్బా కింద పెట్టి నేల మీద చతికిలబడింది.

"తప్పు మనది బావా. పూణే ఆమె పంపించిన మెయిలు తిప్పేష్ దాచలేదు. దానికి దిగే చోటు మనమే లేకుండా చేసినాం."

"మెయిలుని మనం ముట్టుకోలేదు కదా?"

"అదే చెప్తాండా. మెయిలు పెట్టె ఉన్నచోటే ఉండాది. కానీ ఫలానా పేరుకు మెయిలొస్తే ఫలానా చోట దించండి అని చెప్పే వరుస హైదరాబాదు వాళ్ళ దగ్గర ఉండేది. ఎంఎక్స్ అంటారు. శుక్రవారం ఏం చేసినాం? ఈ పేరు గురించి ఇంకమీద కొత్తవాళ్ళను అడగండి అన్నాం. అది ఎన్ఎస్. కొత్తవాళ్ళకు ఇంటి అడ్రసు ఇచ్చినాం, అది ఎ. మూడు డబ్ల్యూల పేరూ ఈ పేరూ ఒకటే అన్నాం, అది సీనేమ్. మెయిలు యాడ దించాలో చెప్పనేలేదు. పూణే నుంచి మెయిలు సైటు ఉండే చోటికి పోయి తలుపు కొట్టి కొట్టి తిరిగి పోతాండాది. మా అమ్మ నిప్పట్ల మాదిరి."

వనజాక్షి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "నిదానంగా చెప్పు. ఎన్ఎస్ అంటే ఏమి?"

"ఊర్లో కొత్తవాళ్ళు వచ్చి మన ఇంటి సంగతి అడిగితే, నాకేం తెలుసు, వనజమ్మను అడగండి అంటారు కదా అత్తా. ఎవర్ని అడగాలో చెప్పేది ఎన్ఎస్."

"అయితే ఆ ఎన్ఎస్ నేనే."

"నువ్వే. ఈ ఇంటికి నీ మాటే కదా!"

"సీనేమ్?"

"విష్ణువర్ధన్ యాడుంటాడని అడిగితే, 'ఎవరూ? మన చిట్టిగాడా?' అంటారు చూడు. ఆ పేరుతో వచ్చినా ఈ మనిషి దగ్గరికే."

"ఆ పేరు నీకెవరు చెప్పినారు?" అన్నాడు విష్ణు తల్లి వైపు చూసి. వనజాక్షి నిప్పటి విరిచి నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయిందే," అంది.

పాత వరుసలో ఏముందో చూద్దామంటే హైదరాబాదు ఖాతా తెరుచుకోలేదు. ఇంటికి తాళం వేశారు, గోడకు ఏమేం మేకులున్నాయో చూడకుండానే. సెంటరుకు పోయి, మెయిలు కంపెనీ సహాయం పేజీ వెతికారు. ఆశ్రిత కొత్త వరుస తెరిచి అంకెల అడ్రసు కొట్టింది. పేజీ ఎర్రగా మెరిసి ఒప్పుకోనంది. ఎంఎక్స్‌లో అంకెలు కాదు, దించుకునే యంత్రం పేరు రాయాలి. అది కూడా అయిదు మార్కుల్లో ఒక వాక్యమే. పేరు రాసింది. పక్కన పది అని ఒక అంకె. ముందు ఇక్కడ దించండని. కింద ఇంకో పేరు, ఇరవై. వాళ్ళు లేకపోతే ఇక్కడ.

పొద్దు వాలేవేళకు ఆమె మధ్యాహ్నం పంపిన మెయిలు సంఘం పెట్టెలో వచ్చి పడింది. ఆశ్రిత కుర్చీలోనే ఎగిరి విష్ణు మోచెయ్యి గిల్లింది. పూణే మెయిలు మాత్రం లేదు.

"వస్తాది," అన్నాడు విష్ణు. "వాళ్ళ యంత్రం మనకు ఎంఎక్స్ లేదన్న పాత జవాబే ఇంకా గుర్తు పెట్టుకోనుంటాది. ఆ గడువు తీరాల. మళ్ళీ తలుపు కొట్టాలనుకోవాల."

"అదే టీటీఎల్. పాత జవాబు ఎంతసేపు నమ్మొచ్చో చెప్పే గడువు. అందుకే పాతది రెండు దినాలు ఉంచుదామంటి."

విష్ణు సహాయం పేజీ మూసేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "చూడు, సరి చేసినాం కదా. రేపు మెయిలొస్తే తిప్పేష్‌ను పిలిచి చూపిస్తాం, అంతా సర్దుకుంటాది. మనం పోయి తప్పు మాదే అని చెప్పాల్నా? ఇప్పుడిప్పుడే సెంటరు మీద నమ్మకం పెట్టుకుంటాండారు."

ఆశ్రిత అతని వైపు చూసింది. అతను చెడ్డవాడు కాడు. ఈ మూడు నెలల్లో ఆమెకు అతని మీద కోపం వచ్చింది ఇదే మొదటిసారి. ఎట్లా కోపగించుకోవాలో కూడా చేతకాలేదు. "రేపు పొద్దున టెంపో వస్తాది బావా," అని మాత్రం అంది.

మంగళవారం పొద్దున పెట్టెలో ఏమీ లేదు. ఆశ్రిత రెండుసార్లు చూసి, సెంటరు విష్ణుకు వదిలి బయటికి వచ్చింది. గడప దగ్గర వనజాక్షి చెప్పులేసుకుంటోంది.

"యాడికత్తా?"

"నువ్వు యాడికో నేనూ ఆడికే."

"నేను ఒక్కదాన్నే పోతాలే. నీకేంటికి?"

"గడియ పెట్టింది ఎవరు? తాళం వేయమన్నది ఎవరు?" వనజాక్షి కొంగు నడుముకు దోపుకుంది. "ఏమన్నా అయితే కోడల్ని ముందుకు తోసిందంటారు. నడువు."

కురుబ వీధి మొదట్లోనే కొండప్ప టెంపో నిలబడి ఉంది. డ్రైవరు వెనక తలుపు దించి బీడీ కాలుస్తున్నాడు. ఇళ్ళ ముందు ఉన్ని మూటలు. గొర్రెల వాసన, ఎక్కడో ఉడుకుతున్న చింతగింజల గంజి వాసన. ఆడవాళ్ళు ఇద్దరు ఒక మూట ఎత్తబోయి, వనజమ్మను చూసి దించేశారు. ఆమె ఈ వీధిలోకి రావడం వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. ఎవరో మంచం వాల్చారు. హనుమక్క దాని మీద దుప్పటి పరవబోయింది.

"కూర్చోము," అంది వనజాక్షి. కోడలి వీపు మీద వేలితో పొడిచింది.

ఆశ్రిత దారంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పు మాదక్కా," అంది. "శుక్రవారం మేము సైటు మార్చినప్పుడు, మీ మెయిలు యాడ దించాలో రాసేది మరిచిపోయినా. నేనే మరిచిపోయినా. పూణే ఆమె పంపింది నిజం. తిప్పేష్‌కు రాలేదు, అదీ నిజం. అది మధ్యలో తిరుగుతాండాది. నిన్న సరి చేసినాం. ఇంకా రాలేదు. వస్తాది."

టెంపో డ్రైవరు దగ్గాడు.

"మీరా?" అంది హనుమక్క. ఆమె చేతిలో కదురు ఆగి, దారం చివర ఊరికే వేలాడుతోంది. "తప్పు మీదా?"

"మాదే," అంది వనజాక్షి. "పాతింటికి తాళం వేయమని తొందర పెట్టింది నేను. పిల్ల రెండు దినాలు ఉంచుదామనింది. నేను విన్లేదు."

"వాడు చెప్తానే ఉండె," అంది ఒక ముసలామె మూట మీద నుంచి లేవకుండానే. "రాలేదు, రాలేదు అని. నువ్వు విన్లేదు హనుమీ. మేమూ విన్లేదు."

హనుమక్క దారం చుట్టి కదురును కొప్పులో దోపుకుంది. టెంపో దగ్గరికి నడిచింది.

"ఏమప్పా, నువ్వు పో. మీ కొండప్పకు చెప్పు, ఈ పొద్దు ఉన్ని లేదని."

"రేపు రావాల్నా?"

"పిలిస్తే రా."

"మెయిలు ఇంకా రాలేదంటాంది కదమ్మా ఈయమ్మ! ఒట్టి మాట మీద పంపించేస్తాండావే!"

"ఒట్టి మాట మీదనే వాణ్ణి దొంగను చేస్తిమి," అంది హనుమక్క. టెంపో వెనక తలుపు తనే ఎత్తి, కొక్కెం తగిలించింది. బండి కదిలి, మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత వీధి చివరికి నడవసాగింది. ఆశ్రిత, వనజాక్షి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఆమె వెనకే నడిచారు.

తిప్పేష్ ఇంటి పక్క ఖాళీ జాగాలో నాలుగు గుంజలు పాతి పడుగు సాగదీసి ఉంది. ముప్పై అడుగుల నల్ల దారం, ఎండలో కృష్ణజింక వీపులా మెరుస్తోంది. సగం దాకా గంజి పూశారు, సగం పొడిగా ఉంది. తిప్పేష్ ఒక్కడే కుంచె పట్టుకుని పూస్తున్నాడు. పడుగుకు గంజి పూయడం ఇద్దరి పని. ఒకరు ఒక కొస దగ్గర దారాలు బిగుతుగా పట్టుకోవాలి, లేకపోతే అంటుకుపోతాయి. అతను కొంచెం పూసి, పరుగెత్తి పోయి కొస లాగి, మళ్ళీ వచ్చి పూస్తున్నాడు.

హనుమక్క పడుగు వెడల్పు చూసింది. ఇక్కడ కప్పుకునే కంబళి అంత వెడల్పు లేదు. పూణే ఆమె ఫోనులో ఒక్కసారి, మాట వరసకు చెప్పిన కొలత అది.

"ఎప్పుడేసినావు ఇది?"

"ఆదివారం." అతను తల తిప్పలేదు.

"నిన్ను అన్ని మాటలంటాంటే, ఈ పడుగు ఎవరికోసం పెట్టుకున్నావురా?"

"ఆర్డరు వస్తే నేయాల కదా. వచ్చినాక మొదలుపెడితే ఎప్పటికి అయ్యేది?" అతను కుంచెను కుండ అంచుకు గీశాడు. "ఏంటికొచ్చినావు? టెంపో నిండలేదా?"

"పంపించేస్తి."

తిప్పేష్ అప్పుడు చూశాడు. వీధి ఆడవాళ్ళు, వనజమ్మ, గోడ నీడలో ఆశ్రిత. ఆశ్రిత ఏదో చెప్పబోయింది. హనుమక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆ మాట తను చెప్పాలి. కానీ వంగి గంజి కుండలో వేళ్ళు ముంచి చూసింది.

"పలచగుండాది," అంది. "ఒక్కనివే కాచినావా?"

"ఇంకెవరుండారు?"

ఆమె అతని చేతిలో నుంచి కుంచె తీసుకుంది. అతను వెంటనే వదల్లేదు. ఇద్దరి చేతులూ ఒక క్షణం ఆ కుంచె మీదే ఉన్నాయి. తర్వాత వదిలాడు. హనుమక్క కొంగు బిగించి, పొడిగా ఉన్న దారాల మీద నిండుగా, నిదానంగా పూయడం మొదలుపెట్టింది. పూస్తూ పూస్తూ, అతనికి మాత్రమే వినపడేట్టు ఏదో అంది. తిప్పేష్ మొహం పక్కకు తిప్పుకుని తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "సరేలే అత్తా," అన్నాడు. "గంజి కారుతాండాది, చూసుకో." పోయి అవతలి కొస పట్టుకుని బిగించాడు.

వీధి మలుపులో మోటరుసైకిల్ హారను ఆగకుండా మోగింది. విష్ణు ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో కాగితాలు పట్టుకుని గొర్రెల మధ్య నుంచి వస్తున్నాడు. బండి స్టాండు వేయడం కూడా మరిచి గోడకు ఆనించాడు.

"వచ్చినాయి! మూడూ ఒక్కసారే వచ్చినాయి. శుక్రవారందొకటి, శనివారందొకటి, నిన్నటిదొకటి. ఇదో, పంపిన తేదీ ఈడ ఉండాది, చూడండి." అతను ఆశ్రిత వైపు చూడలేదు. నేరుగా తిప్పేష్ దగ్గరికి పోయాడు. "నిన్న మీ అందరికీ నేనే వచ్చి చెప్పాల్సింది తిప్పేషూ. చెప్పద్దన్నది కూడా నేనే."

తిప్పేష్ రెండు చేతులా దారాలు పట్టుకుని ఉన్నాడు. కాగితం అందుకోలేకపోయాడు. హనుమక్క చేతులు మోచేతుల దాకా గంజి.

"చదువన్నా," అన్నాడు తిప్పేష్.

విష్ణు చదివాడు. నల్లవి, బూడిదరంగువి, తేనెరంగువి. కొలతలు చెప్పినచోట తిప్పేష్ ఇంకోసారి చదవమన్నాడు. పడుగు వైపు చూసి పెదవులతో లెక్క వేసుకున్నాడు.

"పక్కన నాలుగు పోగులు ఎక్కువైనాయి," అన్నాడు. "తీసేస్తే సరిపోతాది."

"సాయంత్రం లోపల ఒప్పుకున్నట్టు రాయాలంట," అంది వనజాక్షి. "ఎవరు రాస్తారు?"

"తిప్పేష్ రాస్తాడు," అంది హనుమక్క. "సంఘం పేరు మీద. ఈ పని అయినాక." ఆమె కుంచె ముంచి తలెత్తింది. పడుగు మధ్యలో దారాలు కుంగుతున్నాయి. ఆరేలోపు ఎవరైనా పట్టుకోవాలి. గోడ నీడలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న ఆశ్రిత కనపడింది.

"ఏం అమ్మణ్ణీ, నిలబడి చూస్తాండావు? తప్పు చేసినదానివి ఊరికే పోతావా? రా, ఈడ మధ్యలో పట్టుకో. గట్టిగా. గాజులు పైకి తోసుకో, దారం తగులుకుంటాది."

ఆడవాళ్ళు నవ్వారు. ఆశ్రిత పచ్చగాజులు రెండు చేతులకూ మోచేతుల దాకా తోసుకుని, పడుగు కిందికి దూరి, జిగటగా, వెచ్చగా ఉన్న దారాలను అరచేతుల మీదికి ఎత్తుకుంది.

"ఇంకొంచెం పైకి," అన్నాడు తిప్పేష్ అవతలి కొస నుంచి.

ఆమె ఇంకొంచెం పైకి ఎత్తింది.